కొత్త బంతికి ఎదురెళ్లేదెవరు?



ఈ సభ ఒక స్కోరరు స్మారకార్థం. స్కోరరు పుస్తకం తెరిచి బ్యాటింగ్ వైపు మొదట రాసేది రెండు పేర్లు. ఆ రెండూ ఎవరివి కావాలన్న తగువు మన టెస్టు క్రికెట్‌తో పాటే పుట్టింది. ఓపెనింగ్‌కే తయారైనవాడు కావాలా, బాగా ఆడేవాడెవడైనా సరిపోతాడా అని దాన్ని మామూలుగా చెప్పుకుంటాం. నాకు మాత్రం గొడవ అంతకు ముందే మొదలవుతుందనిపిస్తుంది. మన సెలెక్టర్లు ముందు మిడిలార్డర్ నింపుకున్నారు, తర్వాత బౌలర్లను లెక్కపెట్టుకున్నారు. పెళ్లి బస్సులో అందరూ ఎక్కాక ఇంజను పక్కన మిగిలే సీటులాగా ఓపెనర్ స్థానం మిగిలింది. ఎక్కడా చోటు దొరకనివాణ్ణి అక్కడ కూర్చోబెట్టారు.

మొదటి ఆధారం మొదటి టెస్టులోనే ఉంది. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన ఆ మ్యాచ్‌కు సి.కె.నాయుడు కెప్టెన్. మన ఇన్నింగ్స్ ఆరంభించినవారు జనార్దన్ నవ్లే, నవోమల్ జియోమల్. నవ్లే వికెట్ కీపర్. ఇంగ్లండ్ 259కి ఆలౌటయ్యే దాకా వికెట్ల వెనక గొంతుక్కూర్చున్న మనిషే, ప్యాడ్లు మార్చుకుని బ్యాటు పట్టుకుని వచ్చాడన్నమాట. నాలుగేళ్ల తర్వాత అదే లార్డ్స్‌లో విజయ్ మర్చంట్‌తో దిగిన హిండ్లేకర్ కూడా కీపరే. ఆ తర్వాత కుందరన్, ఇంజనీర్, మోంగియా, ఎమ్మెస్కే ప్రసాద్, దీప్ దాస్‌గుప్తా, పార్థివ్ పటేల్, దినేశ్ కార్తీక్... ఇంత పొడవైన వరుస యాదృచ్ఛికంగా రాదు. కీపర్‌ను పైకి పంపితే కింద ఇంకో బ్యాట్స్‌మన్‌కో బౌలర్‌కో చోటు దొరుకుతుంది. అదీ లెక్క. కొన్నిసార్లు ఆ లెక్క ఫలించింది కూడా. 1964లో మద్రాసులో కుందరన్ 192 కొట్టాడు. 1967లో అదే ఊళ్లో ఇంజనీర్ వెస్టిండీస్ మీద లంచ్‌కు ముందే 94 చేశాడు. 1996లో ఢిల్లీలో ఆస్ట్రేలియా మీద మోంగియా 152 చేశాడు.

1936 మాంచెస్టర్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు చేశారు, ఇద్దరివీ సెంచరీలు. కెప్టెన్ మన విజయనగరం మహరాజ్ కుమార్, అంటే విజ్జీ. మర్చంట్‌ను రనౌట్ చేయిస్తే బంగారు గడియారం ఇస్తానని విజ్జీ ముస్తాక్‌కు ఆశపెట్టాడనీ, ఆయన ఆ మాట తీసుకెళ్లి మర్చంట్‌కే చెప్పేశాడనీ కథ. నిజమెంతో గాని, జట్టు ఎంపికలో ఆట కన్నా అలకలు పెద్దవైన కాలానికి ఆ కథ బాగానే అతికింది.

పంకజ్ రాయ్ నిఖార్సయిన ఓపెనర్. 1952లో ఇంగ్లండ్‌లో ఏడు ఇన్నింగ్స్‌లలో అయిదు సున్నాలు చుట్టాడు. హెడింగ్లీలో ట్రూమన్ తొలి టెస్టులో స్కోరుబోర్డు 4 వికెట్లకు 0 అని చూపించిన రోజు ఆ నలుగురిలో ఆయనొకడు. మరుసటి ఏడాది కింగ్‌స్టన్‌లో 150 చేశాడు. 1956 జనవరిలో మద్రాసులో వినూ మన్కడ్‌తో కలిసి న్యూజిలాండ్ మీద 413. ఆ ప్రపంచ రికార్డు 2008 దాకా నిలిచింది. అయిదు సున్నాల తర్వాత ఓపిక పట్టినందుకు దక్కిన ఫలం అది. అంత ఓపిక మళ్లీ చాలాకాలం కనబడదు.

ఎందుకు కనబడలేదంటే, మన దేశంలో కొత్త బంతికే విలువ లేకపోయింది. ఫాస్ట్ బౌలర్లు అరుదు. స్పిన్నర్ల చేతికి ఇచ్చేలోపు బంతి మెరుపు పోగొడితే చాలనుకున్నారు. 1967లో ఎడ్జ్‌బాస్టన్‌లో బేడీ, చంద్రశేఖర్, ప్రసన్న, వెంకటరాఘవన్ నలుగురూ ఆడితే కొత్త బంతి కుందరన్ చేతికొచ్చింది. నువ్వేం వేస్తావని పటౌడీ అడిగితే, నాకే తెలియదన్నాడట. బంతి మెరుపును ఇలా చూసే చోట, దాన్ని వదిలేయడం నేర్చిన బ్యాట్స్‌మన్‌కు గిరాకీ ఎక్కడుంటుంది?

ఇక మన హైదరాబాదీల వంతు. 1971 ఫిబ్రవరి, కింగ్‌స్టన్. గావస్కర్ వేలికి గోరుచుట్టు అయి ఆ టెస్టు ఆడలేదు. సయ్యద్ ఆబిద్ అలీ, కెనియా జయంతిలాల్ ఇన్నింగ్స్ ఆరంభించారు. ఇద్దరూ మనవాళ్లే. ఆబిద్ మీడియం పేసర్, బౌలింగూ ఆయనే ఆరంభిస్తాడు. 1968లో సిడ్నీలో ఓపెనర్‌గా 78, 81 చేసినా ఆయన్ను ఎవరూ ఓపెనర్ అనలేదు. జయంతిలాల్ అసలు సిసలు ఓపెనర్, అది తొలి టెస్టు. షిల్లింగ్‌ఫోర్డ్ బంతి అంచు తాకింది, స్లిప్‌లో సోబర్స్ పట్టేశాడు. 5 పరుగులు. తర్వాత సర్దేశాయ్ 212 చేసి జట్టును గట్టెక్కించాడు. మొదటి రోజు వానకు కొట్టుకుపోయింది కనుక 150 ఆధిక్యానికే ఫాలో ఆన్ ఇవ్వొచ్చని వాడేకర్ సోబర్స్‌కు గుర్తుచేశాడు. వెస్టిండీస్ మళ్లీ బ్యాటింగుకు దిగింది, మనకు రెండో ఇన్నింగ్స్ రాలేదు. జట్టు గర్వంగా చెప్పుకునే ఆ ఫాలో ఆనే జయంతిలాల్ రెండో అవకాశాన్ని మింగేసింది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో గావస్కర్ వచ్చాడు. నాలుగు టెస్టుల్లో 774 పరుగులు. జయంతిలాల్ మళ్లీ టెస్టు ఆడలేదు. గావస్కర్‌ను ఎంచుకోవడం తప్పని ఎవడంటాడు? కానీ ఒక బంతితో ఓపెనర్‌ను తూచలేమని నేనంటాను.

గావస్కర్ రాకతో తగువు సగానికి తగ్గి, రెండో కొస మీదికి పోయింది. చేతన్ చౌహాన్ ఒక్క టెస్టు సెంచరీ కూడా లేకుండా 40 టెస్టులు ఆడాడు. 1979లో ఓవల్‌లో 438 లక్ష్యం ముందుంచుకుని ఈ జంట 213 చేసింది. సెంచరీలు లెక్కబెట్టేవాళ్లకు చౌహాన్ విలువ అందదు.

గావస్కర్ వెళ్లాక మళ్లీ మొదటికొచ్చాం. 1990లలో లక్ష్మణ్‌ను ఓపెనర్‌గా పంపారు, మధ్యలో ఖాళీ లేదు కనుక. 2000 జనవరిలో సిడ్నీ టెస్టు చూడండి: గుంటూరు కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్, హైదరాబాద్ మిడిలార్డర్ ఆటగాడు లక్ష్మణ్ కలిసి మెక్‌గ్రాత్, బ్రెట్ లీలున్న ఆస్ట్రేలియా కొత్త బంతికి ఎదురెళ్లారు. ఇద్దరిలో ఒక్కడూ ఆ పని కోరుకున్నవాడు కాదు. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు మొత్తం 261 అయితే లక్ష్మణ్‌వే 167. అంతటి ఇన్నింగ్స్ ఆడాక, ఇక ఓపెనింగ్ చేయనని తేల్చి చెప్పాడు. ఆ సీజన్ రంజీలో 1415 పరుగులు చేశాడు. 2001 మార్చిలో ఈడెన్‌లో మూడో స్థానంలో 281. ఆ మొండితనం నాకు నచ్చుతుంది. కాదనడం కూడా ఎంపికే, ఆటగాడి వైపు నుంచి.

అయితే సెహ్వాగ్? ఆరో స్థానంలో సెంచరీతో మొదలుపెట్టినవాణ్ణి 2002లో ఇంగ్లండ్‌లో ఓపెనర్‌ను చేశారు. లార్డ్స్‌లో 84, నాటింగ్‌హామ్‌లో 106. అరువు తెచ్చిన ఓపెనర్ పనికిరాడన్న వాదం అక్కడ చిత్తయింది. కానీ తేడా గమనించండి. విఫలమైతే తీసేసేలోపు మధ్యలో మళ్లీ అవకాశమిస్తానని గంగూలీ ఆయనకు మాటిచ్చాడు. లక్ష్మణ్ విషయంలో అలాంటి భరోసా నాకు కనబడదు. సెహ్వాగ్ అవతల కొసన నిలబడ్డ ఆకాశ్ చోప్రాకూ కనబడదు. మెల్‌బోర్న్‌లో 141, సిడ్నీలో 123, ముల్తాన్‌లో 160 తొలి వికెట్ భాగస్వామ్యాల్లో ఉన్నవాణ్ణి 2004లో రావల్పిండిలో పక్కన పెట్టి కీపర్ పార్థివ్‌ను పంపారు. పార్థివ్ 69 చేశాడు, కాబట్టి అప్పుడెవరూ పెద్దగా అడగలేదు. 2006లో లాహోర్‌లో కెప్టెన్ ద్రావిడే ఓపెనర్‌గా దిగాడు. సెహ్వాగ్‌తో కలిసి 410. మన్కడ్, రాయ్ రికార్డుకు మూడు పరుగుల దూరం.

2018 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో కాకినాడ కుర్రాడు హనుమ విహారిని మయాంక్ అగర్వాల్‌తో పంపారు. 66 బంతులాడి 8 పరుగులు చేశాడు. తొలి వికెట్ దాదాపు 19 ఓవర్లు నిలిచింది. ఆ నీడలో పుజారా సెంచరీ పండింది. తర్వాతి టెస్టుకే విహారి మళ్లీ ఆరో స్థానానికి దిగిపోయాడు.

మరుసటి ఏడాది అక్టోబరులో విశాఖ టెస్టుకు రోహిత్ శర్మను మొదటిసారి ఓపెనర్‌గా దించిన సెలెక్షన్ కమిటీకి అధ్యక్షుడెవరో తెలుసుగా? సిడ్నీలో బలవంతపు ఓపెనర్‌గా దిగిన ఎమ్మెస్కే ప్రసాదే. రోహిత్ 176, 127 చేశాడు. మయాంక్‌తో తొలి వికెట్‌కు 317. ఆ సిరీస్‌కు జట్టులో చోటు పోయినవాడు కె.ఎల్.రాహుల్. 2025 ఇంగ్లండ్ పర్యటన నాటికి రోహిత్ టెస్టుల నుంచి తప్పుకున్నాడు. అక్కడ కొత్త బంతి ఆడి 532 పరుగులు చేసినవాడు రాహుల్.