మీసం గీసుకున్న అమ్మ



సంస్మరణ సభ కాబట్టి అమ్మ పడ్డ కష్టాలు చెప్తానని మీరనుకోవచ్చు. చుండూరు అనగానే మనకు 1991 ఆగస్టు 6, ఆనాడు హత్యకు గురైన 8 మంది దళితులు గుర్తొస్తారు. గుర్తుండాలి కూడా. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది.

కానీ మా పేటలో అమ్మంటే హేరోదు రాజు. ఏటా క్రిస్మస్ నాటకంలో కాటుకతో మీసం గీసుకుని, నాన్న పంచె కట్టి, చర్చి ముందు గర్జించేది. పగలంతా వరికోత, రాత్రి రిహార్సలు. నాయనమ్మ నన్ను ఒళ్ళో వేసుకుని, కోడలు మరిచిన మాట పక్కనుంచి అందించేది. ఆడవేషాలతో పేరుపొందిన బాపట్ల స్థానం నరసింహారావుగారు 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సంతోషమే. అమ్మ మగవేషం మా పేట దాటలేదు.

1991లో వేషం కట్టలేదు. మరుసటేడు ఆడపడుచులే వచ్చి లాక్కెళ్ళారు.

ఇంటికొచ్చిన పరిశోధకులు అమ్మను ఏడుపు గురించే అడిగారు. నా ప్రశ్నావళిలోనూ నాటకానికి చోటు లేదు. దళిత స్త్రీని బాధితురాలిగా తప్ప రాయలేకపోవడం మన పరిశోధనల్లో లోపం, నావాటితో సహా.

అమ్మ పోయేముందు వేసవిలో ఫోనులో రికార్డింగు పెట్టి అడిగాను. "ఉత్త మొహంతో ఏం చెప్తానే? ముందు కాటుక పట్రా" అంది.