తీగ కొసన ఉండే ప్లగ్గు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



2016 డిసెంబరులో మన గోదావరి సీమలోని మోరి గ్రామానికి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చినప్పుడు అందరూ తీగ గురించే మాట్లాడుకున్నారు. మేము మాత్రం ఈవేళ తీగ కొసన ఉండే ప్లగ్గు గురించి చెప్పదలచాము. ఇంట్లో నెట్ ఆగితే కంపెనీని తిడతాం గానీ, ఒక్కోసారి దొంగ ఆ ప్లగ్గులోనే దాక్కుని ఉంటాడండి!

ఆర్.జె. 45 అనే ఆ ప్లగ్గులోకి ఎనిమిది తీగలు, నాలుగు మెలి జతలుగా వస్తాయి. రంగుల వరస రెండు కొసలా ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మెలిక అరంగుళానికి మించి విప్పరాదు. పై తొడుగు కూడా ప్లగ్గులోకి పోయి నొక్కుకోవాలి. లేకుంటే పిల్లాడు లాగగానే ఊడిపోతుంది.

ఇంకో చిత్రం. 1, 2, 3, 6 పిన్నులు ఆనితే చాలు, నెట్ 100 మెగాబిట్ల వేగంతో నడిచేస్తుంది. వెయ్యి కావాలంటే ఎనిమిదీ ఆనాలి. "పనిచేస్తోంది కదా" అని వదిలేస్తే, వెయ్యికి డబ్బు కట్టి నూరు వాడుకున్నట్టే. చిన్న టెస్టరు పెడితే బండారం బయటపడుతుంది.

ఈ పనికి పెద్ద చదువు అక్కర్లేదు. కొలువు దొరకని మన పిఠాపురం కుర్రాళ్ళు, ఆడపిల్లలు సైతం, క్రింపింగ్ పట్టకారు చేతబట్టి చూడాలి. మొదటి పది ప్లగ్గులు పాడైనా తల్లిదండ్రులు కోప్పడవద్దని మా మనవి.