రాళ్లు రువ్విన బాలుడు

 

సోదరులారా! రాఫె బిన్ అమ్ర్ (రజి) బాల్యంలో అన్సార్ల ఖర్జూరపు చెట్లపై రాళ్లు రువ్వేవారు. పట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి తెచ్చారు. ఎందుకు రువ్వావని ప్రవక్త (స) ముందుగా అడిగారు. తినడానికన్నారు రాఫె. చెట్లను కొట్టవద్దు, రాలినవి తినమని చెప్పి, తల నిమిరి, అతని కడుపు నిండాలని దుఆ చేశారు. అబూ దావూద్‌లోని హదీసు ఇది.

ఆ మధ్య మన కురిచేడులో మోటారు తీగ దొంగిలించాడని ఒక పిల్లవాణ్ణి వేపచెట్టుకు కట్టేశారు. అసర్ నమాజు ముగించుకొని వెళ్తూ మేమూ చూశాం. ఎందుకు తీశావని అడగలేదు. ఫోన్లలో చిత్రీకరించినవారిలో మనవాళ్లూ ఉన్నారు. రైతు నష్టం చిన్నది కాదు. అది హుఖూఖుల్ ఇబాద్, తీర్చవలసిందే. అయితే తీర్చే తోవ అది కాదు.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారిని లాకప్‌లో ఉంచరాదు. 24 గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు; ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ. మండలి మందలించి పంపవచ్చు, సమాజసేవ చేయించవచ్చు. పిల్లవాడి పేరు, ఫొటో బయటపెట్టడం నేరం.

మరొక మార్గమూ ఉంది. తల్లిదండ్రులు గానీ, తగినవాడని మండలి అంగీకరించిన వ్యక్తి గానీ పూచీపత్రం రాసిస్తే, మూడేళ్లకు మించని గడువుకు పిల్లవాణ్ణి వారి సంరక్షణలో విడిచిపెట్టవచ్చు. తండ్రి లేని పిల్లలకు అలా పూచీ నిలిచేవారి పేర్లు నమాజు తరువాత రాసుకుంటాం. మొదటి పేరు మాది.