గోల్ఫ్ ఆట: దోషము చేతులదా, కాళ్లదా?

గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములకు మించదు. అది కదలక మన ముందే ఉండును. దానిని కొట్టుట ఏమంత కష్టమని చూచువారికి తోచవచ్చును. కాని ఎంత బలముగా కొట్టిన అంత వంకరగా పోవుట ఆడువారికి అనుభవమే. అప్పుడు వారు చేతులను నిందించుకొని పట్టు మార్చుకొందురు. తరచుగా ఆ దోషము పుట్టునది నడుమునకు క్రింద. కట్టెలు కొట్టువాడైనను, క్రికెట్ బంతి విసరువాడైనను, బలమును నేలనుండియే పైకి తెచ్చుకొనును. గోల్ఫ్‌నకును ఇదియే సూత్రము.

అమెరికా క్రీడాకారుడు బెన్ హోగన్ 1949 ఫిబ్రవరిలో జరిగిన మోటారు ప్రమాదమున కటి ఎముకయు, చీలమండయు విరిగి మంచము పట్టెను. ఆయనయే 1950 జూన్‌లో మెరియన్ మైదానమున అమెరికా ఓపెన్ పోటీని గెలిచెను. కర్రను క్రిందికి తెచ్చు కదలికను తుంటియే ఆరంభింపవలెనని 1957లో ప్రకటించిన తన పాఠములలో ఆయన నొక్కి చెప్పెను. కాళ్లు దెబ్బతిన్న మనిషి కాళ్ల విలువ చెప్పినప్పుడు వినదగును.

కుడిచేతి వాటము వారిలో కనబడు మూడు దోషములను చూతము.

మొదటిది, కర్రను వెనుకకు ఎత్తునప్పుడు తుంటి తిరుగుటకు బదులు కుడిప్రక్కకు జరుగుట. తిరుగలి పైరాయి నడిమి మేకు చుట్టును తిరిగినంతవరకే పని జరుగును. మేకు కదలినచో రాయి దారి తప్పును. మన శరీరమును అంతే. కుడి తుంటికి బెత్తెడు దూరమున గోడ ఉండునట్లు నిలిచి, చేతులు రొమ్ముపై కట్టుకొని తిరిగి చూడుడు. తుంటి గోడకు తగిలినచో మీరు జరుగుచున్నారన్నమాట. బరువు కుడిపాదము లోపలి అంచున నిలువవలెను.

రెండవది, కొట్టునప్పుడు తుంటి బంతివైపునకు దూసుకొనిపోయి, వంగిన నడుము నిటారగుట. అప్పుడు చేతులకు దారి చాలదు. బంతి సరిగా తగులదు. పిరుదులు గోడకు తాకునట్లు వంగి నిలిచి సాధన చేయుడు. వెనుకకు తిరిగినప్పుడు కుడి పిరుదు, ముందుకు వచ్చినప్పుడు ఎడమ పిరుదు గోడను విడువరాదు.

మూడవది వరుస తప్పుట. భుజములు ముందుగా తిరిగినచో కర్ర బయటినుండి అడ్డముగా వచ్చును. బంతి కుడివైపునకు వంగిపోవుట సామాన్యము. మొదట బరువు ఎడమ పాదమునకు మారవలెను, తుంటి తిరుగవలెను, పిదప మొండెము, చేతులు, చివరకు కర్ర రావలెను. పాదములు రెండును చేర్చి నిలిచి, కర్ర వెనుకకు పోవుచుండగానే ఎడమ పాదముతో గమ్యమువైపు ఒక అడుగు వేసి, అటుపిమ్మట కొట్టుట ఇందుకు మంచి సాధన.

ఇవన్నియు మొదట బంతి లేకుండ, మెల్లగా చేయవలెను. ఒకనాడు ఒక్క దోషమునే సవరించుకొనుడు. కీళ్లు బిగిసినవారు వెనుకకు తిరుగునప్పుడు ఎడమ మడమను కొంచెము లేవనిచ్చినను తప్పు లేదు; జాక్ నిక్లాస్ అంతటివాడు అట్లే ఆడెను. నడుము నొప్పి ఉన్నవారు ముందు వైద్యుని సలహా పొందవలెను. వయస్సుతో బలము తగ్గవచ్చును. వరుస మాత్రము ఏ వయస్సుననైనను నేర్చుకొనవచ్చును.