పెళ్లి ఏ నిమిషంలో అవుతుంది?

కొలీగ్ పెళ్లికి వెళ్తే మనం ఏం చేస్తాం? స్టేజి ఎక్కి ఓ ఫోటో, చేతిలో కవరు, భోజనం, ఇక బై. అవునా?

మొన్న మా టీమ్‌లో అమ్మాయి పెళ్లి, రాజమండ్రిలో. ముహూర్తం రాత్రి రెండున్నరకి. మా ఆఫీసు బ్యాచ్ పదింటికే రూమ్‌లకి వెళ్లిపోయింది. నేను ఉండిపోయాను. అడ్డుతెర పట్టారు, సరిగ్గా ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. మన తెలుగువాళ్లకి సుముహూర్తం అంటే అదే. తాళి ఆ తర్వాతే. తలంబ్రాల దాకా ఒకటే సందడి. సప్తపదికి వచ్చేసరికి హాల్లో పాతికమందిమి మిగిలాం. నన్ను చూసి ఆ అమ్మాయి, “అన్నా, మీరింకా ఉన్నారా!” అంది. కళ్లలో నీళ్లు.

ఇప్పుడు అసలు విషయం. 1955 హిందూ వివాహ చట్టం, సెక్షన్ 7 ప్రకారం, సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగు పడ్డాకే పూర్తవుతుంది. ఇలాంటి తంతు ఏదీ జరగకపోతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంటే అందరూ వెళ్లిపోయాక జరిగేదే చట్టం దృష్టిలో పెళ్లి! పిలిచింది ఆ అడుగులకి సాక్షిగా ఉండమనే కదా. ఈసారి కవరుతో పాటు రెండు గంటల నిద్ర కూడా ఇచ్చేయండి. మళ్లీ కలుద్దాం!