కొలిచిన తరువాతే చెల్లింపు
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారుజామున మనం కేంద్రానికి పాలు తెచ్చి పోస్తాము. "చిక్కని పాలు" అని మనం అన్నంత మాత్రాన సంఘం డబ్బు చెల్లించదు. పాలు కొలిచి, నమూనా తీసి, వెన్న శాతం చూసి పుస్తకంలో రాస్తారు. ఆ కొలత వల్లనే ఇరువైపులా నమ్మకం నిలుస్తున్నది.

ఇప్పుడు మరొక సరుకు అమ్మకానికి వచ్చింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను తీసివేశామని చెప్పి టన్నుకు ఇంత అని డబ్బు తీసుకుంటున్నారు. ఈ వాయువు కంటికి కనబడదు. మరి తీసినదీ, తీసినది నిలిచినదీ తెలిసేదెలా?

ఐస్‌లాండ్ దేశంలో 2012లో జరిగిన ఒక పరీక్ష చెబుతాను. అక్కడ భూగర్భపు వేడి ఆవిరితో నడిచే విద్యుత్ కేంద్రం ఉన్నది. ఈ వాయువును సుమారు 230 టన్నులు నీటిలో కరిగించి, భూమి లోపలి నల్లరాతి పొరల్లోకి పంపారు. రాతిలోని కాల్షియంతో కలిసి అది రాయిగా మారాలని ఉద్దేశం.

తనిఖీ కోసం రెండు గుర్తులు కలిపారు. ఒకటి రాతితో కలవని వాయువు. రెండవది కార్బన్-14. తరువాత పరిశీలన బావి నీటిని పరీక్షిస్తూ వచ్చారు. మొదటి గుర్తు బావికి చేరింది. రెండవది రావలసిన దానిలో కొద్దిగా మాత్రమే వచ్చింది. మిగిలినది దారిలోనే రాయి అయినదన్నమాట. బావిలోని పంపు చెడిపోతే పైకి తీశారు. దానికి తెల్లని సున్నపు పొర పట్టి ఉన్నది. అందులోనూ ఆ కార్బన్-14 దొరికింది. రెండేళ్ల లోపే 95 శాతానికి పైగా రాయిగా మారినదని 2016లో ప్రకటించారు.

ఇంకొక లెక్క కూడా ఉన్నది. దాణా ఖర్చు తీయకుండా పాల డబ్బంతా లాభమని ఎవరూ అనరు. అలాగే యంత్రాలకు, రవాణాకు విడుదలయిన వాయువును తీసివేసి, మిగిలినదే లెక్కించాలి.

మన పొలాల్లో ఈ కొలత మరింత కష్టం. ఒకే మడిలో రెండు చోట్ల మట్టి ఒకటిగా ఉండదు. నేలలో చేరిన కర్బనం సాగు పద్ధతి మారితే తిరిగి గాలిలో కలవవచ్చు. కనుక కర్బనం పేరుతో ఒప్పంద పత్రం తెచ్చినవారిని నాలుగు ప్రశ్నలు అడగండి. మొదట మట్టి పరీక్ష చేశారా? ఎంత లోతు వరకు? కొనేవారికీ అమ్మేవారికీ సంబంధం లేని పరీక్షకులు ఎవరు? రేపు నష్టం వస్తే భరించేది ఎవరు?

కొలవని పాలను మన సంఘం కొనదు. కొలత చూపని కాగితం మీద మనమూ వేలిముద్ర వేయవద్దు.