పెత్తనం లేని పొత్తు



మాది చందర్లపాడు. నందిగామలో బస్సెక్కితే పత్తి చేలు, మిరప చేలు, సుబాబుల్ తోటలు దాటుకుంటూ వచ్చే మెట్ట ఊరు. దక్షిణాన కృష్ణ. నందిగామను ఒరుసుకుని వచ్చే మున్నేరు మా మండలంలోని ఏటూరు దగ్గర కృష్ణలో కలుస్తుంది. 2022 దాకా మాది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. నదికి అవతల ఒకప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి తాలూకా. ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ పిల్లనిచ్చి పుచ్చుకోవడం తాతలనాటి నుంచీ ఉంది. ఎగువన ముక్త్యాల, మాదిపాడు మధ్య బల్లకట్టు మీద మిరప బస్తాలు దాటాయి, పశువులు దాటాయి, పెళ్ళివారు దాటారు. వాళ్ళతోపాటే పాటలూ ప్రార్థనలూ దాటాయి.

ఈ రోజు నేను చెప్పబోయేది బాప్టిస్టు సంఘాల అసోసియేషన్ గురించి. పల్లెల్లో ఈ మాటను ఎవరూ తెనిగించుకోలేదు. 'అసోసియేషన్ కూటాలకు పోతున్నాం' అంటారు, అందరికీ అర్థమవుతుంది. ఆ మాట వెనక ఉన్న ఏర్పాటు మాత్రం బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. తెలియవలసిన సంగతి అని నా నమ్మకం.

బాప్టిస్టుల్లో బిషప్పు ఉండడు. ఏ ఊరి సంఘం ఆ ఊరికి స్వతంత్రం. పాస్టరుగారిని పిలుచుకునేది సంఘమే, వద్దనుకుంటే సాగనంపేదీ సంఘమే. కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవాలన్నా, తప్పు చేసినవాణ్ణి దిద్దుకోవాలన్నా సంఘం కూర్చుని మాట్లాడుకుని చేతులెత్తి తేల్చుకోవాలి. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. బిడ్డను దేవునికి ప్రతిష్ఠ చేసి ఊరుకుంటారు. పెరిగి పెద్దయి, తన నోటితో తాను విశ్వాసం ఒప్పుకున్నప్పుడే నీళ్ళలో ముంచి ఇస్తారు. అంటే బాప్టిస్టు సంఘంలో ప్రతి పేరూ, ఆ పేరుగల మనిషి తెలిసి ఎంచుకున్న పేరు.

అయితే నలభై గడపల పల్లె ఒంటరిగా ఎంతకని నిలబడుతుంది? పాస్టరుగారికి జీతం, పిల్లలకు బడి, చూరు కూలిన మందిరానికి మరమ్మతు, పొరుగూళ్ళో వాక్యం చెప్పడానికి ఓ మనిషి, ఇవన్నీ ఒక్క సంఘం మోయలేదు. అందుకని చుట్టుపక్కల సంఘాలు పొత్తు కూడతాయి. ఆ పొత్తే అసోసియేషన్. సలహా ఇస్తుంది, ఉత్తర్వు ఇవ్వదు. చందా అడుగుతుంది, పన్ను వేయదు. పాస్టరు కాబోయే మనిషిని సంఘాల పెద్దలంతా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, తృప్తి పడితే ఆర్డినేషన్‌కు ఒప్పుకుంటారు. కొత్తగా పుట్టిన సంఘాన్ని తమలో చేర్చుకుంటారు.

ఈ పద్ధతి పాతదే. 1644లో లండన్‌లో ఏడు బాప్టిస్టు సంఘాలు కలిసి తమ విశ్వాస ప్రకటన వెలువరించాయి. 1707లో ఫిలడెల్ఫియాలో ఐదు సంఘాలు కలిసి అసోసియేషన్ కట్టుకున్నాయి. అక్కడి నుంచి మన తెలుగుదేశానికి రావడానికి నూటపాతికేళ్ళ పైన పట్టింది.

మన మెట్టలో క్రైస్తవం మొదట బాప్టిస్టుల ద్వారా రాలేదు. ఇక్కడ ముందు పనిచేసింది ఇంగ్లండు నుంచి వచ్చిన చర్చి మిషనరీ సొసైటీ. రాఘవాపురం పగోలు వెంకయ్య 1859లో బెజవాడ దొర డార్లింగ్ చేత బాప్తిస్మం పొందాడు. ఆయన వెనకే అక్కడి మాలపల్లెలు కదిలాయి. ఆ సంఘాలు 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి, బిషప్పు పాలన కిందకు వచ్చాయి. బాప్టిస్టులు ఆ ఐక్యతలో చేరలేదు. ఒకే దేవుణ్ణి కొలిచే రెండు మందిరాలు రెండు తీర్ల పాలన చూశాయి. ఏది మేలైనదో తీర్పు చెప్పడానికి నేను రాలేదు. రెండో తీరు ఎలా పుట్టి ఎలా బతికిందో చెప్పడమే నా పని.

ఆ కథ నెల్లూరులో మొదలవుతుంది. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరులో కాపురం పెట్టాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. 1853లో అమెరికాలో పెద్దలు సభ చేరి, ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. పటం మీద నెల్లూరు ఒక్కటే చుక్కలా ఉందని ఒకాయన అన్న మాట పట్టుకుని, దీనికి ఒంటరి చుక్క మిషన్ అని పేరొచ్చింది. మూసేయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు దగ్గరి గుట్ట మీద ఐదుగురు మోకరించారు. మిషనరీ జూయెట్ దొర, దొరసాని, వాళ్ళతో నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్ళు. ఆ గుట్టను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. చరిత్ర రాసినవాళ్ళు దొరల పేర్లు పెద్దక్షరాల్లో రాశారు గాని, ఆ చలిలో ఆ గుట్టెక్కిన ఐదుగురిలో ముగ్గురు మనవాళ్ళన్నది నాకు ఎక్కువ విలువైన సంగతి.

తరవాతి మలుపు తోళ్ళ వ్యాపారం వల్ల వచ్చింది. తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వర్తకుడు. సరుకు కోసం కృష్ణ దాటి ఏలూరు దాకా తిరిగేవాడు. అక్కడే మొదటిసారి సువార్త విన్నాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఒంగోలులో బాప్తిస్మం పొందారు. ఇంటికి వెళ్ళి ఆయన ఊరుకోలేదు. తోళ్ళ కోసం తనకు తెలిసిన ప్రతి పల్లెకూ వెళ్ళి చెప్పాడు. దొరకు ఊళ్ళ దారులు తెలియవు, పేరయ్యకు తెలుసు. తోళ్ళ బేరం నడిచిన దారుల వెంటే బాప్టిస్టు సంఘాలు లేచాయి.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. దాన్ని నడిపిన జాన్ క్లౌ దొర అమెరికాలో భూమి కొలిచే సర్వేయరుగా పనిచేసినవాడు. ఆయన చేసిన తెలివైన పని, పల్లెలో అప్పటికే ఉన్న పెద్దరికాన్ని తీసెయ్యకుండా దాని మీదే సంఘాన్ని కట్టడం. మాదిగపల్లెలో పంచాయితీ తీర్చే పెద్దలుంటారు. ఆ పద్ధతే సంఘ పెద్దల పద్ధతి అయింది. మూడు నెలలకోసారి పల్లెల ఉపదేశులు, పెద్దలు ఒంగోలు వచ్చి, ఎక్కడ ఎవరు చేరారు, ఎవరిని కరణాలూ మోతుబర్లూ వేధిస్తున్నారు, ఎక్కడ బడికి పంతులు కావాలి అని చెప్పుకునేవారు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నందుకు వెట్టి మీద బతికే పల్లెకు బావి మూసేశారు, పని ఆపేశారు. ఒక్క పల్లె ఒంటరిగా అయితే వారం తట్టుకోలేదు. వంద పల్లెల కబురు ఒకచోట చేరే ఆ మూడు నెలల కూటాలే తట్టుకునే బలమిచ్చాయి. నా లెక్కలో తెలుగు అసోసియేషన్ పుట్టింది అక్కడే. కాగితం మీద నియమావళి తరవాత వచ్చింది.

అప్పుడు 1876-78 నాటి ధాతు కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు పట్టి వేలమందికి కూలి, కూడు చూపించాడు. కరువు పని సాగినంతకాలం, పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం చేరారన్న మాట రాకూడదని పట్టుపట్టాడు. కరువు పని ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒంగోలుకు పదిమైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఏటిలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. దొర నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. మూడు రోజుల్లో 3,536 మంది. ఆ ఏడాది ఆఖరుకు 9,606 మంది.

ఒక్క సంఘంలో అన్ని వేలమంది! పాస్టరుకు పేర్లు తెలియవు, మనిషి చస్తే కబురందదు. ఇంత పెద్ద సంఘాన్ని విడదీయక తప్పలేదు. 1883 నాటికి కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరే కేంద్రాలయ్యాయి. 1894లో నదికి అవతల సత్తెనపల్లి, 1905లో మనకు ఉత్తరాన మధిర. దిగువన ఉయ్యూరు, అవనిగడ్డ వైపు కాకినాడ కేంద్రంగా 1874లో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు వచ్చారు. అలా జగ్గయ్యపేట, నందిగామల మెట్టకు దక్షిణానా ఉత్తరానా తూర్పునా బాప్టిస్టు కేంద్రాలు వెలిశాయి. ఒక్కో కేంద్రం కింది పల్లె సంఘాలు ఒక్కో పొత్తు. 1962లో నెల్లూరు కేంద్రంగా తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడి, అమెరికా మిషన్ చేతిలోని బాధ్యత తెలుగువాళ్ళ చేతికి వచ్చాక, ఆ పాత కేంద్రాలే ఫీల్డ్ అసోసియేషన్లుగా నిలిచాయి.

అసోసియేషన్ కూటాలంటే ఏమిటో చూసినవాళ్ళకే తెలుస్తుంది. మెట్ట ఊళ్ళలో తేదీ పెట్టేటప్పుడు పత్తితీత, మిరపకోత చూసుకునే పెడతారు. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద, తరవాత ట్రాక్టర్ల మీద, ఇప్పుడు ఆటోల మీద సంఘాలు దిగుతాయి. తాటాకు పందిరో షామియానానో వేస్తారు. ఆతిథ్యమిచ్చే ఊరు ఆ మూడు రోజులూ వంటశాలగా మారుతుంది. గాడిపొయ్యి మీద గుండిగల్లో అన్నం ఉడుకుతుంటే పందిట్లో డోలక్కు, తాళాలతో పాట. పురుషోత్తమ చౌదరి కట్టిన కీర్తనలు లేకుండా ఏ కూటమూ సాగదు. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టి, 1833లో కటకంలో బాప్టిస్టుల దగ్గర బాప్తిస్మం పొందిన ఆ కవి పాటలను ఈనాడు తెలుగు క్రైస్తవ శాఖలన్నీ తమవిగా పాడుకుంటాయి.

పాటల తరవాత వచ్చే ఘట్టం నాకు అన్నిటికన్నా ఇష్టం. ప్రతి సంఘం నుంచి ప్రతినిధి లేచి తమ ఊరి చీటీ చదువుతాడు. ఈ ఏడాది బాప్తిస్మాలు ఇన్ని, ప్రభువునందు నిద్రించినవారు ఇంతమంది, వలస పోయినవారు ఇంతమంది, చందా ఇంత, స్త్రీల పిడికెడు బియ్యం అమ్మగా వచ్చింది ఇంత. పిడికెడు బియ్యమంటే, అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇల్లాలు ఓ పిడికెడు తీసి పక్క కుండలో వేయడం. ఆ కుండ ఆదివారం మందిరానికి వస్తుంది. ఎన్నో ఊళ్ళలో పాస్టరుగారి ఇంటి పొయ్యి వెలిగింది ఆ బియ్యంతోనే.

ఒక్కసారి ఆలోచించండి. ఊరి రచ్చబండ మీద కూర్చునే హక్కు లేని మనుషులు. వాళ్ళ మాట కరణం రాయడు, వాళ్ళ సాక్ష్యం మునసబు వినడు. ఆ మనుషులే ఇక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు, కార్యదర్శిని ఎన్నుకున్నారు, తీర్మానం ప్రతిపాదించి బలపరిచారు, జమాఖర్చు చదివించి తప్పు కనబడితే లేచి అడిగారు. మన దేశంలో వయోజనులందరికీ ఓటు రాకముందే, పొలం కూలి చేసుకునే మనిషి ఇక్కడ చెయ్యెత్తి ఓటేశాడు. తగాదాలు లేవని కాదు. ఆస్తుల మీద, పదవుల మీద, మాల మాదిగ తేడాల మీద కూటాలు చీలిన సందర్భాలున్నాయి, కోర్టుకెక్కిన సందర్భాలూ ఉన్నాయి. పైన పెత్తనం లేని చోట గొడవ తీర్చడం కష్టమే. అయినా ఆ కష్టాన్ని ఒప్పుకున్నారు గాని, తమ మాటను మరొకరి చేతిలో పెట్టలేదు.

ఈ పొత్తు సముద్రం కూడా దాటింది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని డర్బనులో దింపింది. తరవాత అర్ధశతాబ్దం పాటు ఎన్నో ఓడలు అలా వెళ్ళాయి. చెరకు తోటలకు, తేయాకు తోటలకు పోయిన తెలుగువాళ్ళలో బాప్టిస్టులున్నారు. వాళ్ళకు పాస్టరు కావాలి. కబురు నెల్లూరుకొచ్చింది. ఇక్కడి తెలుగు సంఘాలు తమ సొంత హోం మిషన్ తరఫున జాన్ రంగయ్య అనే నెల్లూరు మనిషిని 1903లో కుటుంబంతో సహా, డర్బను ఉన్న నేటాలుకు పంపాయి. ఆ డిసెంబరు 27న కియర్స్‌నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1914లో అక్కడి సంఘాలు కలిసి నేటాల్ ఇండియన్ బాప్టిస్టు అసోసియేషన్ కట్టుకున్నాయి. మరుసటి ఏడాదే రంగయ్య కన్నుమూశాడు. మిషనరీలంటే బయటి దేశాల నుంచి వచ్చేవారేనని అనుకునే రోజుల్లో, కరువులు చూసిన పల్లెలు చందాలేసుకుని తమ మిషనరీని పరదేశానికి పంపాయి. పొత్తు విలువ ఇంతకన్నా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు మా మెట్ట పల్లెల్లో పరిస్థితి మారింది. చదువుకున్న పిల్లలు విజయవాడ, హైదరాబాదు, ఇంకా దూరం వెళ్ళారు. ఏ శాఖకూ చెందని స్వతంత్ర మందిరాలు వీధికొకటి వచ్చాయి. అసోసియేషన్ కూటాల్లో తల నెరిసినవాళ్ళే ఎక్కువ కనిపిస్తున్నారు. దాన్ని గురించి నేను దిగులు పడి చేసేదేమీ లేదు. కాని ఒక పని మన చేతుల్లో ఉంది.

పాత సంఘాల బీరువాల్లో, పాస్టరుగార్ల ఇళ్ళ అటకల మీద, ట్రంకు పెట్టెల అడుగున మినిట్స్ పుస్తకాలున్నాయి. బాప్తిస్మాల రిజిస్టర్లు, పెళ్ళిళ్ళ రిజిస్టర్లు, పిడికెడు బియ్యం లెక్కలున్నాయి. గ్రామ కరణం దస్తరంలో ఎక్కని తాతల పేర్లు, ముత్తవ్వల పేర్లు వాటిలో ఉన్నాయి. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరి వేలిముద్ర ఏ తీర్మానం కింద పడింది, అంతా ఉంది. చెదలు వాటిని తింటున్నాయి, వాన నీరు తడుపుతోంది.

సంఘ పెద్దలారా, పాస్టరుగార్లూ, ఈ వేసవిలో ఒక రోజు ఆ పెట్టెలు తెరవండి. పుస్తకాలను నీడపట్టున ఆరబెట్టండి. ఊళ్ళో చదువుకున్న పిల్లను పిలిచి ప్రతి పేజీ ఫోనుతో ఫొటో తీయించి, మూడు చోట్ల దాచండి. పాత గ్రూపు ఫొటోలుంటే, ఎవరెవరో గుర్తుపట్టగల ముసలివాళ్ళు ఉండగానే వెనక పేర్లు రాయించండి. వచ్చే అసోసియేషన్ కూటంలో ఊరి చీటీ చదివేటప్పుడు, బాప్తిస్మాల లెక్క తరవాత ఇంకో లెక్క కూడా చదవండి: మా ఊళ్ళో దొరికిన పాత పుస్తకాలు ఇన్ని.